విజేతయు, స్మృతిధర్మమును: సమర్కందు సమాధి దర్శనానంతర చింతన

శ్రీ గురుభ్యో నమః.

కౌటిల్యుడు అర్థశాస్త్రములోని పన్నెండవ అధికరణమున విజేతలను మూడు తెగలుగా విభజించినాడు: ధర్మవిజయి, లోభవిజయి, అసురవిజయి. మొదటివాడు ఎదుటివాడు శరణన్నచో తృప్తి చెందును. రెండవవాడు భూమిని, ధనమును గ్రహించి శాంతించును. మూడవవానికి అవియు చాలవు. పుత్రులను, స్త్రీలను, చివరకు ప్రాణములను కూడ హరించును.

ఈ విభాగమును మనము తఱచు వినుచుందుము గాని, అది గ్రంథములో ఏ సందర్భమున వచ్చినదో గమనింపము. ఆ అధికరణము బలహీనుడైన రాజు కొఱకు చెప్పబడినది. బలవంతుడు మీదికి వచ్చినప్పుడు దుర్బలుడు ఏమి చేయవలెనన్నది అందలి విషయము. అనగా విజేతను కొలిచిన ఆ కొలత ఓడినవాని చేతిలోనిది. విజేత ఎంత భూమిని గెలిచెనన్నది అచ్చట ప్రధానము కాదు. ఓడినవానికి ఏమి మిగిల్చెనన్నదే ప్రధానము.

లోకములో విగ్రహములు, నాణెములు, ప్రశస్తిశాసనములు ఇందుకు విపరీతముగా నడచును. అవి విజేత చేతి కొలతలు. ఈ రెండు కొలతలలో ఒక దేశము దేనిని పట్టుకొని తన పూర్వులను స్మరించును? స్మరించునప్పుడు దేనిని విడిచిపెట్టును? ఈ ప్రశ్న నాకు గ్రంథములనుండి పుట్టినది కాదు. ఉజ్బెకిస్థాన్ దేశములో వైద్యవిద్య నభ్యసించుచున్న ఒక విద్యార్థి తల్లిదండ్రులు కుమారుని చూడబోవుచు, మా ఆలయమునకు చిరకాల భక్తులగుటచే, నన్నును తోడు రమ్మని కోరిరి. అటుకులు, పులిహోర పొడి, చిన్న పొయ్యి మూటగట్టుకొని, స్వయంపాక నియమముతో బయలుదేరితిని. అచ్చట చూచినదియు, పిమ్మట విచారించినదియు పాఠకమహాశయుల ముందుంచుచున్నాను.

ఢిల్లీ, క్రీ.శ. 1398

తైమూరు 1336లో నేటి ఉజ్బెకిస్థాన్‌లోని షహ్రిసబ్జ్ సమీపమున జన్మించినాడు. బర్లాస్ అను తెగవాడు. చెంఘిజ్‌ఖాన్ వంశమున పుట్టనందున 'ఖాన్' అను బిరుదు ధరింపలేక 'అమీర్' అనియు, ఆ వంశపు కన్యను వివాహమాడినందున 'గూర్గాన్', అనగా అల్లుడనియు పిలిపించుకొన్నాడు. యౌవనములో తగిలిన గాయములచే కుడికాలు కుంటుపడినది. అందుచే శత్రువులు పారసీకమున 'తైమూర్-ఎ-లంగ్' అనిరి. అదియే పాశ్చాత్యుల నోట మఱొక రూపము దాల్చినది. అతని ఆస్థానమువారు మాత్రము 'సాహిబ్ ఖిరాన్' అనిరి. గురు, శని గ్రహముల శుభ సమాగమమునకు అధిపతి యని దాని తాత్పర్యము. జ్యోతిషము రాజాశ్రయమున ఎట్టి పనులకు వినియోగపడునో ఈ ఒక్క బిరుదు తెలుపుచున్నది.

1398 వసంతకాలములో సమర్కందు విడిచి, సెప్టెంబరులో సింధునదిని దాటి, డిసెంబరు నాటికి ఢిల్లీ చేరినాడు. ఢిల్లీ సింహాసనముపై అప్పుడున్నవాడు తుగ్లక్ వంశజుడైన సుల్తాన్ నాసిరుద్దీన్ మహమూద్. డిసెంబరు 17న యుద్ధము జరిగినది. దానికి కొలది దినములకు ముందు, వెంట తెచ్చిన బందీలు వెనుకనుండి తిరుగబడుదురేమో యను శంకతో, వారినందఱను వధింపుమని తైమూరు ఆజ్ఞాపించినాడు. ఆ సంఖ్య ఒక లక్ష యని అతని చరిత్రకారులే వ్రాసిరి. సంఖ్య అతిశయోక్తి కావచ్చును. కాని ఈ మాట శత్రువులు వేసిన నింద కాదు. 'జఫర్‌నామా' అను విజయచరిత్రలో, స్తుతిగా వ్రాయబడిన గ్రంథములో, చేరిన మాట ఇది.

అందే ఒక చిన్న ప్రస్తావన కలదు. తైమూరు కొలువులో మౌలానా నాసిరుద్దీన్ ఉమర్ అను పండితుడుండెను. జన్మలో ఒక గొఱ్ఱెనైనను కోసి యెఱుగనివాడు. ఆజ్ఞ వెలువడిన దినమున ఆయనయు తన వాటాగా పదునైదుగురిని చంపినాడు. లక్ష యను సంఖ్య చదివినప్పుడు నా మనస్సు మొద్దుబాఱినది. ఈ పదునైదు అను సంఖ్య మాత్రము నిద్ర పట్టనీయలేదు. ఏలయనగా నేనును గ్రంథము పట్టుకొన్న చేతివాడనే.

ఢిల్లీలో పదునైదు దినములు గడపి, 1399 జనవరిలో మీరట్‌ను, గంగాతీరమున హరిద్వార ప్రాంతమును కొల్లగొట్టి తైమూరు మరలినాడు. నిలిచి పాలింపవలెనని అతనికి లేదు. ధనమును, ఏనుగులను, శిల్పులను తీసికొనిపోయినాడు. అదే కాలమున మన తెలుగుసీమలో కొండవీటిని కుమారగిరిరెడ్డి యేలుచుండెను; విజయనగరమున రెండవ హరిహరరాయలు. ఆ దండయాత్ర వింధ్య దాటలేదు. అందుచేత తైమూరు మనకు పాఠ్యపుస్తకములలోని పేరుగానే మిగిలినాడు గాని, పల్లెపదములలోని భయముగా మిగులలేదు.

ఇంకొక మాట స్పష్టము చేయవలెను. ఇది హిందువులకు మాత్రమే కలిగిన కష్టమని తలచుట సత్యము కాదు. ఢిల్లీ సుల్తాను తైమూరు మతమువాడే. 1387లో ఇస్ఫహాన్ నగరము తిరుగబడినప్పుడు డెబ్బదివేల శిరస్సులు ప్రోగుపడెనని పారసీక చరిత్రకారులు వ్రాసిరి. 1401లో డమాస్కస్, బాగ్దాదు నగరములును అట్లే నశించెను. 1402లో అంకారా యుద్ధమున బందీగా చిక్కిన బయజీదు తురుష్క సుల్తానే. కౌటిల్యుని మూడవ తెగ మతమును చూచి ఆగునది కాదు.

తాష్కెంటులోని పీఠము

తైమూరు సైన్యమునకు నెలలు పట్టిన మార్గమును విమానము ఢిల్లీనుండి మూడు గంటలలో దాటించినది. తాష్కెంటు నగరమధ్యమున చెట్లనీడతో కూడిన వర్తులాకారపు ఉద్యానము కలదు. నడుమ ఎత్తైన పీఠముపై అశ్వారూఢుడైన తైమూరు విగ్రహము. కుడిచేయి ముందుకు చాచి యున్నాడు. బలము న్యాయమునందే కలదను అర్థము వచ్చు అతని వాక్యము పీఠముపై పలు భాషలలో చెక్కబడి యున్నది.

ఆ స్థలచరిత్ర విన్నప్పుడు నాకు విగ్రహమునకంటె స్థలమే గొప్ప గురువుగా తోచినది. జారుచక్రవర్తి కాలమున అచ్చట కౌఫ్మన్ అను రష్యా సేనాని స్మారకముండెను. తాష్కెంటునుండి ఆ ప్రాంతమును రష్యాకు లోబఱచి యేలినవాడతడు. విప్లవానంతరము దానిని తొలగించిరి. పిమ్మట స్టాలిన్ వచ్చినాడు; వెళ్ళినాడు. 1968లో కార్ల్ మార్క్స్ శిరస్సు వచ్చినది, అదియు వెళ్ళినది. 1993లో తైమూరు వచ్చినాడు. ఒకే చోట ఎనుబదియేండ్లలో నలుగురు ఆవాహనము పొందిరి. ముగ్గురికి ఉద్వాసన జరిగినది. ఆలయములో ప్రతిష్ఠ, ఉద్వాసనల విధి తెలిసినవారికి ఇది నవ్వు పుట్టింపక మానదు. అయినను అందులోని వేదన కూడ తెలిసికొనవలెను. ఆ నలుగురిలో ముగ్గురిని నిలిపినవారు పరులు, లేదా పరుల ఆజ్ఞకు లోబడినవారు.

సోవియట్ పాలనలో తైమూరు క్రూరుడైన భూస్వామ్య ప్రభువు, పీడకుడు. 1968లో ఇబ్రాహీం మూమినోవ్ అను ఉజ్బెక్ తత్త్వశాస్త్రవేత్త, మధ్య ఆసియా చరిత్రలో తైమూరు స్థానమును గూర్చి చిన్న పుస్తకము వ్రాసి, కొంత మేలును చెప్పినందుకే తీవ్ర విమర్శకు గుఱియైనాడు. తన తాతను గూర్చి ఏమి తలవవలెనో దూరపు రాజధాని నిర్ణయించిన దేశమది. 1991లో స్వాతంత్ర్యము రాగానే, తమకును ఒక మహారాజ్యముండెనని, తమ నేలయు లోకమును శాసించినదని చెప్పుకొనుటకు ఒక పేరు కావలసి వచ్చినది. 1996వ సంవత్సరమును తైమూరు 660వ జయంతి సందర్భమున అతని పేరిట ప్రకటించిరి. ఆ యేటనే ఉద్యానమునకు సమీపమున నీలి గుమ్మటముతో మ్యూజియం తెఱచిరి. అతని పేర ఒక జాతీయ పురస్కారమును నెలకొల్పిరి. మూడు నగరములలో మూడు విగ్రహములు: తాష్కెంటున గుఱ్ఱముపై, సమర్కందున ఆసీనుడై, జన్మస్థలమైన షహ్రిసబ్జ్‌న నిలుచుండి.

ఇందులో చరిత్ర చేసిన ఒక వింత కలదు. ఉజ్బెకులను పేరు ఏ తెగలనుండి వచ్చెనో, ఆ తెగల నాయకుడైన షైబానీఖాన్ 1500 ప్రాంతమున తైమూరు సంతతినుండి సమర్కందును గైకొన్నాడు. 1507లో హెరాత్‌ను కూడ గైకొని ఆ వంశపు ప్రభుత్వమునే అంతమొందించినాడు. అట్లు వెడలగొట్టబడిన తైమూరు వంశజుడైన బాబరు, అందిజానులో పుట్టినవాడు, కాబూలు చేరి, 1526లో పానిపట్టున గెలిచి మన దేశచరిత్రలో ప్రవేశించినాడు. అనగా తైమూరు వంశమును పాఱద్రోలినవారి పేరు ధరించిన దేశమే నేడు తైమూరును మూలపురుషునిగా కొలుచుచున్నది. దీనిని ఎత్తి చూపి హేళన చేయుట సులభము. కాని ఒక నేలమీద నివసించువారందఱు కాలక్రమమున ఆ నేలకు సంతానమే యగుదురు. నదీజలమువలె జాతులును కలసిపోవును. ఓడినవానిని గెలిచినవాని మనుమలు తాతగా స్వీకరించుటలో ఒక విధమైన సంధియు లేకపోలేదు.

అదే తాష్కెంటులో మన లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరిట ఒక వీథి, ఆయన అర్ధవిగ్రహము కలవు. 1966 జనవరి 10న పాకిస్థాన్‌తో శాంతి ఒప్పందముపై సంతకము చేసి, ఆ రాత్రియే, 11వ తేదీ తొలిగంటలలో, ఆ నగరమున కన్నుమూసిన పొట్టి మనిషి. ఆ విగ్రహమునకు నమస్కరించి సమర్కందు రైలెక్కితిమి.

గురువు పాదములకడ

సమర్కందునకు వేగపు రైలులో రెండు గంటల ప్రయాణము. బీబీ ఖానుమ్ మసీదు ముంగిట నిలిచినప్పుడు మెడ వెనుకకు వంచక తప్పదు. ఢిల్లీనుండి మరలిన వెంటనే, 1399లో, తైమూరు దాని నిర్మాణమును మొదలిడినాడు. మన దేశమునుండి తెచ్చిన ఏనుగులు రాళ్ళు మోసెను. మన దేశపు శిల్పులు ఇతర దేశముల శిల్పులతో కలసి పని చేసిరి. 1404లో కాస్టీల్ రాజు పంపిన క్లావిఖో అను స్పెయిన్ రాయబారి సమర్కందు చేరి, ఆ ఏనుగులను, ఆ నిర్మాణములను, దేశదేశములనుండి బలవంతముగా తేబడిన చేతిపనివారిని కన్నులార చూచి వ్రాసిపెట్టినాడు. ఆ యాత్రికుని కన్ను నాకు నచ్చినది. అతడు విందులను వర్ణించినాడు. ఆ విందులు సాగిన నగరము ఎవరి చేతులతో లేచుచున్నదో కూడ మఱువలేదు.

నేను ఆ గోడలలో మన శిల్పుల పేర్లకై వెదకలేదు. అట్టివి ఉండవని ఆలయములలో జీవితము గడపిన నాకు తెలియును. మనచోటను గోపురము కట్టించిన రాజు పేరు శాసనములో ఉండును గాని, ఉలి పట్టినవాని పేరు ఏ కొన్ని చోట్లనో తప్ప కనబడదు.

తైమూరు సమాధిమందిరము పేరు గూర్-ఎ-అమీర్. 1403లో మరణించిన ప్రియమైన మనుమడు ముహమ్మద్ సుల్తాను కొఱకు తలపెట్టినది. చైనాపై దండెత్తి పోవుచు 1405 ఫిబ్రవరిలో ఒత్రార్ అను చోట మరణించిన తైమూరునే చివరకు అందు ఉంచిరి. గీతలు తీర్చిన నీలి గుమ్మటము క్రింద, బంగారు పూతల నడుమ, నల్లగా కనబడు ముదురాకుపచ్చ రాయి అతనిది. ఆ రాతికి తలవైపున మఱొక సమాధి కలదు. అది సయ్యద్ బరకా అను ఫకీరుది, తైమూరునకు ఆధ్యాత్మిక గురువు. తన గురువు పాదములకడ తన్ను ఉంచవలెనన్నది ఆ విజేత కోరిక యని చెప్పుదురు.

ఈ మాట నన్ను కలవరపెట్టినది. గురుపాదములను కోరినవానిని కేవలము అసురుడని త్రోసివేయుటకు నోరు రాదు. గురుపాదములు కోరినంత మాత్రమున లక్షమంది రక్తము కడుగబడునని చెప్పుటకును నోరు రాదు. రావణుని శివభక్తిని మనవారు కాదనలేదు. అయినను ఆ భక్తిని సీతాపహరణమునకు సమాధానముగా ఎవరును అంగీకరింపలేదు. రెండును ఒకే జీవునిలో ఉన్నవని ఒప్పుకొని, రెండింటిని వేఱువేఱుగా తూచుటయే మన పెద్దలు చూపిన మార్గము.

మందిరములో స్థానికులు బల్లలపై కూర్చుండి అరచేతులు పైకి చాచి ప్రార్థించిరి. నూతన వధూవరులు వెలుపల ఫోటోలు దిగిరి. మాకు ఆ స్థలము చూపిన యువతి చరిత్ర చదువుకొన్నది. మాటలు నెమ్మదిగా, మర్యాదగా ఉండెను. 1941 జూన్‌లో సోవియట్ శాస్త్రవేత్త గెరాసిమోవ్ ఆ సమాధిని తెఱచి, అస్థికలను పరీక్షించి, కుడికాలి కుంటితనము నిజమేనని నిర్ణయించిన వృత్తాంతము చెప్పినది. ఆ కొలది దినములకే, జూన్ 22న, జర్మనీ సోవియట్ దేశముపై దండెత్తినందున జనులలో శాపకథ పుట్టినదనియు, 1942లో శాస్త్రోక్తముగా అస్థికలను మరల ఉంచిరనియు చెప్పినది.

విద్యార్థి దుబాసిగా ఉండగా నేనామె నడిగితిని: "అమ్మాయీ, మీ పాఠశాలలో ఢిల్లీని గూర్చి ఏమి చెప్పుదురు?"

ఆమె క్షణకాలమాగి, "విజయమని చెప్పుదురు. ఇస్ఫహాన్, డమాస్కస్, ఢిల్లీ అని పేర్ల వరుస ఉండును" అన్నది. మఱల తానే, "మీ దేశములో ఏమి చెప్పుదురు?" అని అడిగినది.

"అచ్చట చనిపోయినవారిని గూర్చి చెప్పుదురు" అంటిని.

ఆమె తల వంచినది. పిదప ఇట్లన్నది: "మా తాతగారి కాలములో ఆయన పేరు మంచిగా పలికినచో ఉద్యోగము పోవును. ఇప్పుడు చెడుగా పలుకుటకు ఎవ్వరును ఇష్టపడరు. మా తాతగారు మాత్రము రెండు కాలములలోను ఒకటే అనెడివారు: గుఱ్ఱము మీదివాడు నేలమీదివానిని చూడడు అని."

విద్యార్థి దానిని తెనిగించి, "గురువుగారూ, ఇది మన సామెతవలెనే ఉన్నది" అన్నాడు. "అవును నాయనా, నేలమీదివాడు అన్ని దేశములలోను ఒక్కడే" అంటిని.

నక్షత్రములను చూచిన మనుమడు

ఆ వంశముననే జనించినవాడు ఉలుగ్ బేగ్, తైమూరునకు మనుమడు. సమర్కందు వెలుపలి కొండపై 1420లలో ఖగోళవేధశాల కట్టించినాడు. భూమిలోనికి త్రవ్విన పాలరాతి చాపము నేటికిని కొంత మిగిలి యున్నది. దాని వ్యాసార్ధము దాదాపు 40 మీటర్లు. వియాత్కిన్ అను పరిశోధకుడు 1908లో దానిని వెలికి తీసినాడు. ఉలుగ్ బేగ్ 1437లో పూర్తి చేసిన పట్టికలలో 1,018 నక్షత్రముల స్థానములు కలవు. నక్షత్రసౌర సంవత్సరమానము అతని గణనలో 365 దినముల 6 గంటల 10 నిమిషముల 8 సెకనులు. నేటి పరికరములు చెప్పు మానమునకును దానికిని భేదము ఒక నిమిషమునకు లోపే. మన సూర్యసిద్ధాంతమానము 365 దినముల 6 గంటల 12 నిమిషముల 36 సెకనులు. పంచాంగము ముందుంచుకొని జీవించు నావంటివానికి ఆ చాపము ముందు నిలుచుట క్షేత్రదర్శనముతో సమానమే.

ఈ పట్టికలు మన దేశమునకు వచ్చినవి. జయపురాధీశుడైన సవాయి జయసింహుడు, జంతర్ మంతర్‌లను నిర్మించినవాడు, తన జ్యోతిషపట్టికలను రచించునప్పుడు ఉలుగ్ బేగ్ కృషిని ఆధారముగా గైకొన్నాడు. తాత ఖడ్గముతో వచ్చిన దారిననే మనుమని గణితమును వచ్చినది. ఖడ్గము పదునైదు దినములుండి వెళ్ళినది. గణితము జయపురమున రాతియై నిలిచినది.

ఉలుగ్ బేగ్ 1449లో సొంత కుమారుని ప్రేరణచే శిరశ్ఛేదము పొందినాడు. గెరాసిమోవ్ బృందము తెఱచిన సమాధులలో అతనిదియు ఒకటి. కంఠము తెగిన గుర్తు ఆ అస్థికలలో కనబడినది. ఇపుడతడు తాతకు సమీపముననే ఉన్నాడు. ఆ దేశము ఇద్దఱిని సమానముగా పూజించుచున్నది. నన్నడిగినచో ఆ పీఠములలో పెద్దది మనుమనిదై యుండిన బాగుండెడిది. కాని నన్నెవ్వరు అడుగుదురు? వారి ఇంటి పీఠములను వారే కదుపుకొనవలెను. నేను కదపగలిగినవి నా ఇంటివి.

మన ఇంటి విజేతలు

కనుక మన ఇంటికి వచ్చెదము.

కర్నూలు జిల్లాలో గుత్తికి సమీపమున ఎఱ్ఱగుడి కలదు. అచ్చటి బండలపై అశోకుని పదునాలుగు శిలాశాసనములు చెక్కబడి యున్నవి. పదుమూడవది కళింగయుద్ధమును గూర్చినది. లక్షయేబదివేలమంది దేశమునుండి తరలింపబడిరనియు, లక్షమంది హతులైరనియు, అంతకు అనేక రెట్లు మరణించిరనియు ఆ రాజే చెప్పి, దానికి తాను పశ్చాత్తాపపడుచున్నానని చెక్కించినాడు. లక్ష యను సంఖ్య ఇచ్చటను ఉన్నది. తైమూరు చరిత్రకారుడు దానిని కీర్తిగా వ్రాసినాడు. అశోకుడు దానిని తన దుఃఖముగా వ్రాయించినాడు. లోకచరిత్రలో విజేత తన విజయమును ఓడినవాని కొలతతో కొలిచి శిలపై చెక్కించుట అత్యంత విరళము. మన తెలుగునేల ఆ శిలను మోయుచున్నది.

అయితే అచ్చటను ఒక సూక్ష్మము కలదు. కళింగదేశములోనే, ధౌలియందును జౌగడయందును చెక్కబడిన శాసనములలో ఈ పదుమూడవది లేదు. దానికి బదులు అధికారులకు దయతో మెలగుడని చెప్పు వేఱు శాసనములున్నవి. గాయపడినవారి ముందు గాయమును ప్రస్తావింపరాదని తలచెనో, లేక పశ్చాత్తాపమును వారి ఎదుట పలుకుటకు ధైర్యము చాలలేదో! ఏది యైనను, క్షమాపణ ఎవరికి చెందవలెనో వారి ఊరిలో అది పలుకబడలేదు. దుఃఖము నిజమైనను స్మృతి అసంపూర్ణమే.

మఱొక ఉదాహరణము మనకు ఇంకను దగ్గఱిది. తంజావూరు బృహదీశ్వరాలయమును దర్శించి పులకింపని శైవుడుండడు. 1010లో పూర్తియైన ఆ ప్రాసాదమును నిర్మించిన రాజరాజచోళుని శివభక్తి నిస్సంశయము. దానికి రెండుమూడేండ్లకు ముందు, 1007 ప్రాంతమున, కర్ణాటదేశములోని హొట్టూరులో చాళుక్యుల శాసనమొకటి చెక్కబడినది. చోళరాజకుమారుడు మహాసైన్యముతో వచ్చి దేశమును కొల్లగొట్టి, స్త్రీలను, బాలురను, బ్రాహ్మణులను చంపించినాడని అందున్నది. శత్రువు వ్రాయించినది గనుక అందు అతిశయోక్తి ఉండవచ్చును. కాని తైమూరు విషయమున అతని మిత్రులు వ్రాసిన సంఖ్యను నమ్మిన మనము, మనవారి విషయమున శత్రువు మాటను వినకయే చెవులు మూసికొనుట న్యాయమగునా? ఆ శాసనము చదివిన పిమ్మటను నేను బృహదీశ్వరునికి నమస్కరింతును. నమస్కారము ఈశ్వరునకు. రాజును మాత్రము తులలో నుంచి తూతును.

ప్రశస్తులు వ్రాసినవారెవరు? ఎక్కువగా పండితులే, మా వర్గమువారే. రాజు శత్రునగరములను దహించెనని సుందరమైన సమాసములతో, శ్లేషలతో కూర్చిరి. దహింపబడిన నగరములో ఒక అగ్రహారమును, ఒక కుమ్మరివాడయును, ఒక బాలింతయు ఉండిరన్నది ఛందస్సునకు లొంగలేదు. పదునైదుగురిని చంపిన ఆ మౌలానా ఒక్కడు ఖడ్గము పట్టినాడు. కలము పట్టి వెనుక నిలిచినవారు అన్ని ఆస్థానములలో ఉండిరి.

జలాంజలి

అట్లయిన సాధకుడు చరిత్రను ఎట్లు స్మరింపవలెను? ద్వేషముతో స్మరించినచో స్మృతి విషమగును. పూర్వము చచ్చినవారి పేర నేడు బ్రతికియున్నవారిని హింసించుటకు దారి తీయును. గర్వముతో స్మరించినచో స్మృతి అంధమగును. మఱచిపోయినచో చచ్చినవారికి రెండవసారి అన్యాయము జరుగును. క్రోధముచే మోహమును, మోహముచే స్మృతిభ్రంశమును, దానిచే బుద్ధినాశమును కలుగునని గీతాచార్యుడు వరుసను చూపినాడు. వ్యక్తికి చెప్పిన ఆ వరుస జాతులకును వర్తించును. బుద్ధి నిలువవలెనన్నచో స్మృతి నిలువవలెను. స్మృతి నిలువవలెనన్నచో క్రోధమును లోనికి రానీయరాదు.

మహాభారతము దీనికి ఆచరణరూపమైన సమాధానమును చూపినది. యుద్ధము ముగిసిన వెంటనే వచ్చునది పట్టాభిషేకము కాదు, స్త్రీపర్వము. కావ్యము మనలను విజేతల శిబిరమునుండి తీసికొనిపోయి, శవముల నడుమ భర్తలను, కుమారులను వెదకికొను స్త్రీల చెంత నిలుపును. గాంధారి కన్నులతో కురుక్షేత్రమును చూపును. గెలిచిన యుధిష్ఠిరుడు మొట్టమొదట చేసిన పని, ఇరుపక్షములలోను హతులైనవారికి, దిక్కులేని అనాథశవములకు కూడ దహనసంస్కారము జరిపించుట. పిమ్మట గంగాతీరమున ఉదకదానము. ఆ సమయముననే కుంతి నోరు విప్పి, కర్ణునకును నీరు విడువుమని, అతడు మీ అన్నయని చెప్పినది. శత్రువని చంపినవాడు సోదరుడని విజేతకు తెలిసినది తర్పణవేళ. సింహాసనముపై కూర్చున్నప్పుడు అది తెలియలేదు. నీరు చేతనున్నప్పుడు తెలిసినది.

మన ఇండ్లలో ఈ సంప్రదాయము నేటికిని జీవించుచున్నది. భాద్రపద బహుళ పక్షమున మహాలయము పెట్టుదుము గదా. అందు చతుర్దశి శస్త్రహతులకు ప్రత్యేకింపబడినది. ఆయుధముచే మరణించినవారికి ఆ దినమున తిలోదకములిత్తురు. పుత్రులు, బంధువులు లేక నశించినవారి తృప్తికై కూడ నీరు విడుచు విధి తర్పణములో కలదు. పేరు తెలియకున్నను, గోత్రము తెలియకున్నను, కులము, దేశము తెలియకున్నను ఆ నీరు చెల్లునని శాస్త్రము అంగీకరించినది. విగ్రహమునకు పేరు కావలెను. తర్పణమునకు అదియు అవసరము లేదు.

సమర్కందునుండి వచ్చిన పిమ్మట ఆ చతుర్దశినాడు నేను సంకల్పములో కొన్ని మాటలు చేర్చుకొన్నాను. యమునాతీరమున బందీలై హతులైనవారికి, ఇస్ఫహానులోను బాగ్దాదులోను శిరస్సులు కోల్పోయినవారికి, కళింగమున పడినవారికి, హొట్టూరు శాసనము చెప్పిన స్త్రీబాలురకు, ఇంటికి మరలిరాని శిల్పులకు. వారిలో పలువురు నా విధిని ఎఱుగనివారు, కొందఱు దానిని అంగీకరింపనివారు. తిలోదకమునకు అంగీకారపత్రము అక్కఱలేదు, దాహమే చాలును. చివర ఒక దోసిలి తైమూరునకును విడిచితిని. గురువు పాదములు కోరినవాడు; ఆ పాదములకడకు చేరుటకు వానికి ఇంకను చాల దారి మిగిలి యుండును.

ఈ వ్యాసము చదివిన భక్తులలో మహాలయము పెట్టువారు వచ్చు చతుర్దశినాడు తమ పితరులతోబాటు, ఏ విజయము క్రిందనో నలిగిన ఒక అజ్ఞాతునకు ఒక దోసిలి నీరు విడువగలరని ప్రార్థన. విధి తెలియనివారు మీ పురోహితులను అడుగుడు, వారు చెప్పుదురు. అది కొలది నిమిషముల పని. నువ్వులు, నీరు, దర్భ తప్ప వేఱొకటి అక్కఱలేదు.

స్వస్తి.